మూడో అంతస్తులో లిఫ్టాయన బంధువులు

మా వదిన కుడిచేతి వేళ్ళు మూడు ఎప్పుడూ ఎర్రగా ఉంటాయి. సిరా కాదు, గోళ్ళరంగు కాదు. నేను లాండ్రీ కొట్టు నడిపేదాన్ని. ఎవరి చొక్కా మీద ఏ మరక పడినా చూడగానే దాని పుట్టుపూర్వోత్తరాలు చెప్పి మరీ వదిలిస్తాను. అలాంటిది నా ఇంట్లోనే, నా కళ్ళెదుటే, ఆ మూడు వేళ్ళూ ఇన్నేళ్ళుగా నన్ను వెక్కిరిస్తున్నాయి. “అది కొవ్వుకి వేసే రంగు అమ్మాయ్, నీ సబ్బులకి లొంగదు” అంటుంది వదిన, ఉంగరాలు చూపించినట్టు వేళ్ళు తిప్పి చూపిస్తూ.

వదినంటే మా ఆయనకి అక్క. మా కొట్టు మీది గదిలో ఉంటుంది, భోజనం మాతోనే. పెద్దాసుపత్రిని ఆనుకుని పరిశోధనల భవనం ఒకటుంది. దాని మూడో అంతస్తులో ఆవిడ ఉద్యోగం. ఆపరేషన్ చేసి తీసిన కంతుల్ని ఉల్లిపొర కన్నా పల్చగా కోసి, గాజుపలకల మీద పరిచి, రంగులు వేసి, మైక్రోస్కోపులో చూసేవాళ్ళకి అందివ్వాలి. అందులోనూ ఆవిడకి అప్పజెప్పినవి కిడ్నీలు. డాక్టర్లు వస్తుంటారు, పోతుంటారు. వదినా, ఆవిడ సీసాల వరసా మాత్రం అక్కడే ఉంటాయి.

ఏభై దాటిన ఈ ఆవిడకీ, ఒకే ఒక్క కిడ్నీతో తిరిగే ఒక లిఫ్టు మెకానిక్కుకీ మధ్య ఒక మాట నడవాల్సి ఉంది. ఆ మాట ఎవరు ముందంటారు, అసలంటారా, అనకుండానే ఇద్దరూ ముసలివాళ్ళయిపోతారా అని నేను పడ్డ యాతన ఇది. యాతన అంటున్నాను కానీ, నా జన్మలో ఇంత సంతోషంగా పడ్డ యాతన ఇంకోటి లేదు.

వదినకి సంబంధాలు రాక కాదు. వయసులో ఉన్నప్పుడు బాగానే వచ్చాయట. వచ్చినవాణ్ణి కూర్చోబెట్టి, మర్యాదగా మంచినీళ్ళిచ్చి, ఆవేళ తను కోసిన కిడ్నీ గురించి మొదలుపెట్టేదట. ఎంత లావుంది, లోపల ఏ రంగులో ఉంది, కత్తి ఎక్కడ జారింది, అన్నీ వివరంగా. ఒకాయన గ్లాసులో నీళ్ళు గ్లాసులోనే వదిలేసి లేచాడని మా ఆయన ఇప్పటికీ చెప్పి నవ్వుతాడు. “వినలేనివాడు నాతో కాపురమేం చేస్తాడు?” అని వదిన అప్పుడే తేల్చేసింది. తర్వాత ఆవిడ పనిలో పడింది, ఏళ్ళు వాటి దారిన అవి పోయాయి.

మా ఇంట్లో భోజనాల దగ్గర కిడ్నీ మాట ఎత్తకూడదని మా ఆయన ఒక చట్టం చేశాడు. వదిన ఆ చట్టాన్ని రోజూ రెండుపూటలా ఉల్లంఘిస్తుంది. తమ్ముడు ముద్ద ఆపి కోపంగా చూస్తే “సరే, కిడ్నీ అనను, చిక్కుడుగింజ అంటాను” అంటుంది. ఆయన ఆ తర్వాత చిక్కుళ్ళు మానేశాడు.

నాకు మాత్రం ఆ కబుర్లంటే ఇష్టం. మధ్యాహ్నం కొట్టు ఖాళీగా ఉన్నప్పుడు, ఆవిడ సెలవు రోజుల్లో, ఇస్త్రీబల్లకి అటువైపు స్టూలు వేసుకుని కూర్చునేది. నేను చొక్కాలు చేస్తుంటే ఆవిడ క్యాన్సర్ చెప్పేది.

“మామూలు కిడ్నీ కణం కష్టజీవి. వచ్చింది వచ్చినట్టే ఖర్చుపెట్టి పని చేస్తుంది. ఈ రకం క్యాన్సర్ పట్టిందనుకో, అదే కణం పరమ పిసినారి అయిపోతుంది. దొరికిన కొవ్వంతా చుక్కలు చుక్కలుగా లోపల దాచుకుంటుంది. వాడదు, పోనివ్వదు.”

“ఒళ్ళు కొవ్వెక్కిందన్నమాట.”

“అక్షరాలా అంతే. కానీ మామూలు పద్ధతిలో పలక తయారుచేస్తే ఆ కొవ్వు కనిపించదు. మేము పలకల్ని స్పిరిట్టులో ముంచుతాం, తర్వాత ఇంకా ఘాటైన దాంట్లో ముంచుతాం. కొవ్వు కరిగిపోతుంది. అది ఉన్న చోటు ఖాళీగా, గాజులా తేటగా కనిపిస్తుంది.”

నేను ఇస్త్రీపెట్టె నిలబెట్టాను. “ఘాటైన దాంట్లో ముంచి కొవ్వు వదిలించడమా? అంటే డ్రైక్లీనింగే కదా వదినా! ఇంతోటిదానికి మీకు తెల్లకోటూ, ఏసీ గదీనా?”

“నువ్వు వదిలిస్తే మరక పోయిందంటారు. నేను వదిలిస్తే రోగం బయటపడిందంటారు. అదీ తేడా” అంది వదిన. “కొవ్వునే చూడాలనుకున్నప్పుడు మాత్రం పద్ధతి వేరు. ఎర్రరంగు వేసి, నీళ్ళతో చేసిన జిగురు పూసి, పైన పల్చటి గాజుముక్క మూసేయాలి. ఆ స్పిరిట్టు సీసాల వరస దగ్గరికి చచ్చినా వెళ్ళకూడదు. వెళితే రంగూ పోతుంది, కొవ్వూ పోతుంది. మా దగ్గర కొత్తగా చేరిన ప్రతివాళ్ళకీ మొదటిరోజు చెప్పే మొదటి మాట అదే.”

ఇక లిఫ్టాయన సంగతి.

ఒకరోజు వదిన ఆపరేషన్ గది నుంచి అప్పుడే తీసిన కిడ్నీ ముక్కని మంచుపెట్టెలో పెట్టుకుని పైకి వెళుతుంటే, రెండో అంతస్తు దాటాక లిఫ్టు ఆగిపోయింది. ఇంకొకరైతే గాలాడట్లేదనో, భయమేస్తోందనో అరుస్తారు. మా వదిన తలుపు బాదుతూ “నా సంగతి తర్వాత, ముందు ఈ కిడ్నీ పాడైపోతోంది!” అని అరిచింది.

పైనుంచి ఒక మగగొంతు చాలా నిదానంగా అడిగింది. “ఎవరిదండీ కిడ్నీ?”

“ఎవరిదైతే మీకెందుకు? ముందు లిఫ్టు సంగతి చూడండి!”

“చూస్తున్నానండీ. నాదీ ఒకటి మీ దగ్గరే ఉండాలి, అందుకని అడిగాను.”

వదిన ఆ రోజు ఇంటికొచ్చి ఈ మాట చెప్పి, మళ్ళీ మళ్ళీ చెప్పి, ఒంటరిగా గదిలోకి వెళ్ళాక కూడా నవ్వుకుంది. కింద నాకు వినిపించింది. నేను చెవిటిదాన్ని కాదు.

ఆయన చెప్పింది నిజమే. ఊళ్ళో సగం లిఫ్టులు ఆయన చేతిమీదుగానే నడుస్తాయి. చాన్నాళ్ళ కింద క్యాన్సర్ వచ్చి ఎడమ కిడ్నీ తీసేశారు. తీసినదాన్ని పరిశోధనకి వాడుకోవచ్చా అని అడిగితే “నాకైతే ఇంక పనికిరాదు, మీకు పనికొస్తే అంతకన్నానా” అని సంతకం పెట్టాడు. ఆ కంతిలోని కణాలు కొన్ని మూడో అంతస్తులో బతికాయి. వెచ్చటి పెట్టెలో, గులాబీరంగు నీళ్ళ పళ్ళేలలో ఇప్పటికీ పెరుగుతూనే ఉన్నాయి. ఇలాంటివి గుట్టుగా ఉంచాలని అక్కడి నియమం. వాళ్ళు ఆయనకి తప్ప ఎవరికీ చెప్పలేదు. ఆయనే ఊరంతా చెప్పుకున్నాడు.

భార్య పోయి చాలా కాలమైంది. పిల్లల్లేరు. తాడూ బొంగరం లేనివాణ్ణని తనే అనుకుంటాడు. అందుకని లిఫ్టు చూసే నెపంతో మూడో అంతస్తుకి వెళ్ళినప్పుడల్లా గుమ్మం దగ్గర నిలబడి “మా వాళ్ళెలా ఉన్నారండీ?” అని అడిగేవాడు.

“బాగా తింటున్నారు. కొవ్వు పట్టి కూర్చున్నారు” అనేది వదిన తలెత్తకుండా.

“మావైపు అందరూ అంతేనండీ. మా మేనత్త కూడా అంతే.”

ఆ ఏడాది ఆ భవనంలో లిఫ్టుకి వచ్చినన్ని జబ్బులు ప్రపంచంలో ఏ లిఫ్టుకీ వచ్చి ఉండవు.

గ్రీజు పట్టిన ఆయన పనిబట్టలు మా కొట్టుకే వచ్చేవి. నేను మొదటినుంచీ ఆయన్ని అన్నయ్యగారూ అనే పిలిచాను. ఒకరోజు వదిన ఉండగా అలా పిలిస్తే, ఆయన వెళ్ళాక నన్ను గుచ్చి గుచ్చి చూసింది. “ఊళ్ళో వాళ్ళందర్నీ బాబాయిగారూ అంటావు, ఈయన ఒక్కడు అన్నయ్య ఎలా అయ్యాడే?”

“నోటికి అలా వచ్చింది వదినా” అన్నాను. వదిన మొగుడు వరసకి అన్నయ్యే అవుతాడని నాకు తెలుసు, ఆవిడకీ తెలుసు.

అప్పటికే మూడో అంతస్తులో కొత్త పని మొదలైంది. పరిశోధనకని ఒక అమ్మాయి వచ్చింది. చలాకీ పిల్ల. వదిన ఆమెని పిల్ల డాక్టరమ్మ అంటుంది. ఆమె పని మైక్రో ఆర్ఎన్ఏ మీద. ఆ పేరు విని నేను ఆవలిస్తే వదినకి కోపమొచ్చింది. ఇస్త్రీ అయిన కోటుకి నేను గుచ్చిన చీటీని పట్టుకుంది.

“ఇదేమిటి?”

“చీటీ. దీనికి ఏం చెయ్యాలో రాసి ఉంటుంది.”

“కణంలోనూ ఇంతే. జన్యువులు పుస్తకమనుకుంటే, పనివాళ్ళకి అందేది అందులోంచి రాసిచ్చిన చీటీ. ‘కొవ్వు తయారు చెయ్యి’ అని ఒకటి, ‘కొవ్వు దాచు’ అని ఒకటి. పనివాడు చీటీ చదువుతాడు, చేసేస్తాడు. ఈ మైక్రో ఆర్ఎన్ఏ ఒక చిన్న పోగు. అది పోయి చీటీ మీద బైఠాయిస్తుంది.” వదిన తన ఎర్రవేలు చీటీ మీద అడ్డంగా పెట్టింది. “ఇప్పుడు చదువు.”

“ఎలా చదవను? మీ వేలు తీయండి.”

“అదీ. పనివాడు చదవలేడు, ఆ పని ఆగిపోతుంది. కాసేపటికి చీటీ కూడా చిరిగిపోతుంది. మంచి కణంలో ఈ పోగులు సరిపడా ఉండి, ఏ పనీ శృతిమించకుండా చూస్తాయి. ఈ క్యాన్సర్ కణాల్లో కొన్ని రకాలు తగ్గిపోతాయి. అడ్డుపెట్టే వేలు లేదు. ఇంక చీటీలన్నీ అమలే, కొవ్వు మీద కొవ్వే. మా పిల్ల డాక్టరమ్మ తగ్గిన పోగుని తయారుచేయించి మళ్ళీ కణాల్లోకి పంపిస్తోంది. కొవ్వు తగ్గితే వాటి పొగరూ తగ్గుతుందేమో చూడాలని.”

“కొవ్వు కరిగిస్తానని మా నాన్న మమ్మల్ని బెదిరించేవాడు. ఈ పిల్ల నిజంగానే కరిగిస్తోందన్నమాట.”

“కరిగిందో లేదో చెప్పాల్సింది నా ఎర్రరంగు” అంది వదిన. ఎంత గర్వంగా అందో.

పిల్ల డాక్టరమ్మ ప్రయోగానికి ఎంచుకున్న కణాల్లో లిఫ్టాయనవీ ఉన్నాయి. ఆయన సంతోషం అంతా ఇంతా కాదు. “మా వాళ్ళు చదువుకి పనికొచ్చారు” అని ఎదురుపడ్డ ప్రతివాడికీ చెప్పాడు. చూస్తానంటే పిల్ల డాక్టరమ్మ పైవాళ్ళ అనుమతి తీసుకుని ఒక ఉదయం రమ్మంది. కొట్టు మా ఆయనకి అప్పగించి నేనూ బయల్దేరాను. నన్నెవరూ పిలవలేదు. పిలిచేదాకా ఆగే మనిషినైతే నా పెళ్ళికి కూడా వెళ్ళేదాన్ని కాదు.

పొడవాటి గది. కిటికీ కింద రాతిబల్ల, దానిమీద మూతలున్న గాజుసీసాల వరస, పక్కనే నీళ్ళ పంపు, టిక్కుటిక్కుమనే చిన్న గడియారం. మైక్రోస్కోపుకి రెండు టీవీ తెరలు తగిలించారు. లిఫ్టాయన నేను ఇస్త్రీ చేసిచ్చిన చొక్కా వేసుకుని, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. వదిన రెండు పలకలు పట్టుకొచ్చింది. ఒకటి ఏమీ ఇవ్వని కణాలది, ఒకటి పోగు పంపిన కణాలది.

పిల్ల డాక్టరమ్మ ముందుగా రెండోదాన్ని పెట్టింది. తెరమీద కణానికొకటి చొప్పున నీలం చుక్కలు, వాటి చుట్టూ తెల్లటి ఖాళీ. ఎరుపన్నదే లేదు.

“లేవు! కొవ్వు చుక్కలు లేనే లేవు!” అని ఆ పిల్ల చప్పట్లు కొట్టింది. లిఫ్టాయన నోరు తెరుచుకుని చూస్తున్నాడు. నేను కూడా ఏదో అర్థమైనట్టు చప్పట్లు కొట్టాను.

తర్వాత మొదటిది పెట్టింది. నీలం చుక్కలు, తెల్లటి ఖాళీ. ఇందులోనూ ఎరుపు లేదు.

చప్పట్లు ఆగిపోయాయి. ఆ పిల్ల కళ్ళద్దాలు సర్దుకుని ఇంకో మూల చూసింది, ఇంకో మూల చూసింది. ఎక్కడ చూసినా ఖాళీ ఇళ్ళే. వదిన తెరవైపు చూసింది. తన చేతివైపు చూసుకుంది. మెల్లగా తల తిప్పి కిటికీ కింది సీసాల వరస చూసింది. ఆవిడ మొహంలో రంగు దిగిపోయింది.

“నేను కడిగేశాను” అంది. “ఎర్రరంగు వేశాక జిగురు పూసి మూసేయాలి. నేను తీసుకెళ్ళి సీసాల్లో ముంచాను. వరసగా అన్నిట్లోనూ. రెండు పలకల్లోనూ కొవ్వు నేనే వదిలించేశాను.”

పిల్ల డాక్టరమ్మ ఆవిడ భుజం మీద చేయి వేసింది. “ఫరవాలేదు ఆంటీ, ఇంకో విడత కణాలు పెట్టెలో సిద్ధంగా ఉన్నాయి. వచ్చేవారం మళ్ళీ చేద్దాం” అంది. మంచి పిల్ల. వదిన మాత్రం తలెత్తలేదు.

అప్పుడు లిఫ్టాయన ముందుకొచ్చాడు. “అంటే మావాళ్ళకి తలంటి పోశారన్నమాట. చుట్టం చూడ్డానికి వస్తున్నాడని పిల్లలకి స్నానం చేయించరా ఏంటండీ? ఎంత శుభ్రంగా ఉన్నారో!” అని పగలబడి నవ్వాడు. ఆ నవ్వుకి ముందు పిల్ల డాక్టరమ్మ నవ్వింది, తర్వాత నేను, ఆఖరికి వదిన కూడా నవ్వింది, కళ్ళలో నీళ్ళతోనే.

మెట్లు దిగుతూ నేను వదిన్ని పట్టుకున్నాను. “కొత్తవాళ్ళకి మొదటిరోజే చెప్పే మాట కదా వదినా అది. ఇన్నేళ్ళలో ఎప్పుడైనా ఇలా చేశారా?”

“లేదు.”

“మరివాళ ఏమైంది?”

వదిన రెండు మెట్లు దిగింది. “వరండాలో ఆయన గొంతు వినిపించింది. నా చేయి దాని దారిన అది పోయింది” అంది. అని, గబగబా దిగిపోయింది.

నాకు అక్కడే, ఆ మెట్లమీదే గంతులెయ్యాలనిపించింది. ఆ చేతి సంగతి నాకు తెలుసు. జ్వరంలో తప్పలేదు, ఇంట్లో చావులప్పుడు తప్పలేదు. అలాంటి చేయి ఒక మనిషి గొంతు విని దారి తప్పింది. ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి?

వచ్చేవారం మళ్ళీ వెళ్ళాం. ఈసారి వదిన ఆయన్ని వరండా చివర కూర్చోబెట్టి, పలకలు పూర్తయ్యేదాకా మాట్లాడొద్దని పిల్ల డాక్టరమ్మతో కబురు పంపింది. ఆయన బుద్ధిగా నోటిమీద వేలేసుకుని కూర్చున్నాడు.

ఎడమవైపు తెరమీద ఏమీ ఇవ్వని కణాలు. ఒక్కో కణం నిండా ఎర్రటి చుక్కలు, చీమ దూరే సందు లేదు. కుడివైపు తెరమీద అవే కణాలు, పోగు పంపినవి. అక్కడొకటి, ఇక్కడొకటి. అంతే. పక్కపక్కన చూస్తే నాలాంటిదానికి కూడా తెలిసిపోతుంది. పిల్ల డాక్టరమ్మ ఈసారి చప్పట్లు కొట్టలేదు. చేతులు రెండూ నోటికి అడ్డంపెట్టుకుని ఏడ్చేసింది.

లిఫ్టాయన ఎడమ తెర దగ్గరే ఎక్కువసేపు నిలబడ్డాడు. “ఇవా నా కడుపులో ఉన్నవి?” అన్నాడు.

“ఇవే” అంది వదిన. “కుడివైపు చూసి మరీ సంబరపడకండి. ఇది పళ్ళెంలో కణాల సంగతి, మనిషి సంగతి కాదు. మందు దాకా వెళ్ళాలంటే ఇంకా చాలా దూరం. అసలు వెళుతుందో లేదో కూడా ఎవరికీ తెలీదు.”

“తెలుసండీ. అయినా తగ్గారు కదా వెధవలు” అన్నాడాయన. నవ్వాడు కానీ, ఎప్పటి నవ్వు కాదు.

ఎందుకో నాకు మర్నాడు తెలిసింది. పనిబట్టలు ఇవ్వడానికి కొట్టుకొచ్చి, ఇచ్చాక కూడా వెళ్ళకుండా కౌంటరు మీద చెక్కని గోటితో గీకుతూ నిలబడ్డాడు.

“చెల్లెమ్మా, మీ వదినగార్ని ఒక మాట అడగాలని ఉంది.”

నేను కౌంటరు మీదికి వంగాను. “అడగండి మరి!”

“ఎలా అడగను? నాది ఒంటి కిడ్నీ. ఏడాదికోసారి స్కాన్ చేస్తారు. ఆ పిసినారి వెధవలు ఇంకెక్కడైనా ఒకడు నక్కి ఉంటే? నిన్న చూశాను కదా ఎలా ఉంటారో. ఆవిణ్ణి తీసుకొచ్చి ఇందులో పడేస్తానా? ఈసారి స్కాన్ బాగుంటే అడుగుతాను.”

“పోయిన ఏడాది స్కాన్ బాగుందని మీరే చెప్పారు కదా.”

“బాగుంది.”

“మరి అప్పుడెందుకు అడగలేదు?”

“ఇంకో ఏడాది చూద్దామనిపించింది.”

నాకు ఒళ్ళు మండిపోయింది. “అన్నయ్యగారూ, తాడు తెగుతుందేమోనని జనమంతా మెట్లెక్కి పోతే మీ బతుకేమవును? ఎన్ని లిఫ్టులు బాగుచేశారు, ఆ మాత్రం ధైర్యం లేదా మీకు?”

“లిఫ్టుకైతే తాడు నేను చూడగలను చెల్లెమ్మా. దీనికి చూడలేను కదా” అన్నాడు. ఆయన భయం దొంగభయం కాదు. వెళుతూ వెళుతూ “ఈ సంగతి ఆవిడకి చెప్పకండి” అని బతిమాలాడు. సరేనన్నాను.

నా నోట్లో నువ్వుగింజ నానదని మా వీధిలో అందరికీ తెలుసు, ఆయనకి ఎవరూ చెప్పలేదనుకుంటాను. ఆ సాయంత్రం వదిన మెట్లెక్కకముందే పట్టుకుని పూసగుచ్చినట్టు మొత్తం చెప్పేశాను.

ఆవిడ విన్నది. “అలాగా” అంది. పైకి వెళ్ళిపోయింది.

అంతే! తిట్టలేదు, నవ్వలేదు, ఏడవలేదు. భోజనానికి వచ్చి చిక్కుడుగింజ మాట కూడా ఎత్తకుండా తినేసి వెళ్ళింది. మా ఆయన భయపడిపోయి “అక్కకి ఒంట్లో బాగాలేదా?” అన్నాడు. నేను మింగలేక కక్కలేక తిరిగాను. అనవసరంగా నోరు జారానా, ఇద్దరికీ మధ్య ఉన్న ఆ కాస్త సరదా కబుర్లూ నావల్ల ఆగిపోతాయా అని గుబులు పట్టుకుంది. లిఫ్టాయన కూడా ఆ వారం మూడో అంతస్తుకి వెళ్ళలేదు.

ఆయన స్కాన్ రోజు పొద్దున్న పదిన్నరప్పుడు కొట్టు ముందు వదిన ప్రత్యక్షమైంది. ఒంటిమీద పని కోటు అలాగే ఉంది. డ్యూటీ మధ్యలో వచ్చేసిందన్నమాట. నా పెళ్ళయ్యాక ఆవిడ డ్యూటీ మధ్యలో బయటికి రావడం చూడలేదు.

“పద” అంది.

“ఎక్కడికి?”

“ఇస్త్రీపెట్టె కట్టేసి పద.”

పెద్దాసుపత్రి కింది అంతస్తులో స్కాన్ గది ముందు వరండా. ఇనపకుర్చీలు, గోడమీద ఫోన్లు కట్టేయమని బోర్డు, మూలన మంచినీళ్ళ డబ్బా. జనం నిండా ఉన్నారు. లిఫ్టాయన పనిముట్ల సంచి ఒళ్ళో పెట్టుకుని చివరి కుర్చీలో ఉన్నాడు. స్కాన్ తీయడం అయిపోయింది, డాక్టరు పిలుపు కోసం చూస్తున్నాడు. మమ్మల్ని చూసి లేచి నిలబడ్డాడు. నావైపు ఒక చూపు చూశాడు. నేను బోర్డు చదవడం మొదలుపెట్టాను.

వదిన ఆయన ఎదురుగా నిలబడింది. “మీరు నన్నేదో అడగాలనుకున్నారట.”

“అది... స్కాన్ వచ్చాక...”

“స్కాన్ బాగుందని అడిగితే అది స్కాన్ అడిగినట్టు. బాగాలేదని మానుకుంటే అది స్కాన్ మానుకున్నట్టు. మధ్యలో మీరెక్కడున్నారు?”

పక్కకుర్చీ ముసలావిడ చెవి ఇటు తిప్పింది.

“మీకు తెలీదండీ, ఒకవేళ...” అన్నాడాయన.

“నాకు తెలీదా?” వదిన గొంతు లేచింది. “ఇన్నేళ్ళుగా వాటి మొహమే చూస్తున్నాను నేను. అవి ఏం తింటాయో, ఎక్కడ దాచుకుంటాయో, ఎలా తిరగబడతాయో, ఈ ఊళ్ళో నాకన్నా దగ్గరగా చూసినవాళ్ళు ఎంతమంది? తెలిసే వచ్చాను. మీరు అడగరని తేలింది కాబట్టి నేనే అడుగుతున్నాను. నన్ను పెళ్ళి చేసుకుంటారా?”

సరిగ్గా అప్పుడే గది తలుపు తెరుచుకుంది. డాక్టరు చేతిలో ఫిల్ము పట్టుకుని వచ్చి లిఫ్టాయనని పిలవబోయాడు. వదిన వెనక్కి తిరక్కుండానే ఎర్రవేళ్ళ చేయి పైకెత్తింది.

“ఒక్క నిమిషం ఆగండి డాక్టరుగారూ. ముందు ఈయన చెప్పాలి.”

డాక్టరు ఆగిపోయాడు. ఫిల్ము వెనక్కి దాచుకున్నాడు కూడా, చిన్నపిల్లాడిలాగ. లిఫ్టాయన ఆయన మొహంలోకి చూడబోయాడు. మంచా, చెడా, ఏదైనా కనిపిస్తుందేమోనని. వదిన పక్కకి జరిగి ఆ చూపుకి అడ్డంగా నిలబడింది.

“అటు కాదు. ఇటు చూసి చెప్పండి.”

ఆయన ఇటు చూశాడు. పనిముట్ల సంచి కింద పెట్టాడు. “చేసుకుంటానండీ” అన్నాడు. “మీరు లిఫ్టులో అరిచిన రోజునుంచీ చేసుకుందామనే ఉందండీ.”

పక్కకుర్చీ ముసలావిడ “హమ్మయ్య” అంది పైకే. ఎవరో చప్పట్లు కొట్టారు. నేను ఏడుస్తున్నాను, దాచుకోలేదు, దాచుకోవాలని కూడా అనిపించలేదు.

డాక్టరు గొంతు సవరించుకున్నాడు. “ఇప్పుడు చెప్పొచ్చా అండీ? ఆయన ఒక్కరే లోపలికి వస్తారా?”

వదిన ఆయన సంచి తన చేతిలోకి తీసుకుంది. “ఏదైనా సరే, ఇద్దరికీ చెప్పండి” అంది.

ఇద్దరూ లోపలికి వెళ్ళారు. తలుపు మూసుకుంది. నేను సిగ్గూ ఎగ్గూ లేకుండా దానికి చెవి ఆనించాను. ముసలావిడ కూడా వచ్చి ఆనించింది. ముందు గుసగుసలే. తర్వాత వదిన గొంతు, గట్టిగా, తగువు పెట్టుకుంటున్నట్టు.

“ఈ మూల ఇదేమిటి? సరిగ్గా చూశారా?”

“అది పేగమ్మా” అన్నాడు డాక్టరు. “అంతా శుభ్రంగా ఉంది. మూడోసారి చెబుతున్నాను, ఏమీ లేదు.”

“నాలుగోసారి చెప్పండి” అంది వదిన. ఆవిడ ఏడవడం నేను మొట్టమొదటిసారి విన్నాను.